లాస్ అలమోస్‌లో యువ సైనిక ఇంజనీర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా తొలి అణుబాంబు మాట రాగానే ఓపెన్‌హైమర్, ఫెర్మీ, బోర్ వంటి మహామహుల పేర్లు గుర్తుకు వస్తాయి. కానీ ఆ బాంబులోని మందుగుండును కరిగించి అచ్చు పోసినవాళ్లలో, తీగలు అతికినవాళ్లలో, గాజు గొట్టాలు ఊదినవాళ్లలో, రాత్రింబవళ్లు లెక్కలు కట్టినవాళ్లలో చాలామంది ఇరవై, ఇరవై రెండేళ్ల సైనికులు. పేరున్న శాస్త్రవేత్తల ఫొటోల్లో అంచున నిలబడి ఉంటారు. కింద వాళ్ల పేర్లు కూడా ఉండవు. వాళ్ల గురించి పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. అన్నీ చదివాక నా మనసులో మిగిలే ప్రశ్న మాత్రం ఒక్కటే: తమ చేతుల్లో తయారవుతున్నది ఏమిటో ఆ కుర్రవాళ్లకు ఎంతవరకు తెలుసు?

ఈ దళం పేరేమిటి? ఎప్పుడు పుట్టింది?

స్పెషల్ ఇంజనీర్ డిటాచ్‌మెంట్. క్లుప్తంగా ఎస్‌ఈడీ అనేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు నిర్మాణం కోసం జనరల్ లెస్లీ గ్రోవ్స్ నడిపిన మాన్‌హాటన్ ప్రాజెక్టుకు అనుబంధంగా అమెరికా సైన్యం 1943 మే నెలలో దీన్ని ఏర్పాటు చేసింది. ఆ ఏడాది చివరి నుంచి న్యూమెక్సికో రాష్ట్రంలోని లాస్ అలమోస్ రహస్య ప్రయోగశాలకు వీళ్ల రాక మొదలైంది. యుద్ధం ముగిసేనాటికి అక్కడ సుమారు 1,800 మంది ఉన్నారు. టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ యురేనియం కర్మాగారాల్లోనూ వెయ్యికి పైగా పనిచేశారు.

సైన్యం సొంతంగా సాంకేతిక నిపుణులను ఎందుకు సమకూర్చుకోవలసి వచ్చింది? పౌరులు దొరకలేదా?

దొరకలేదు. యుద్ధం వచ్చాక విమానాల ఫ్యాక్టరీలు, రాడార్ ప్రయోగశాలలు, ఓడల నిర్మాణ కేంద్రాలు చేతి పని తెలిసిన ప్రతి ఒక్కరినీ పీల్చేసుకున్నాయి. పైగా నిర్బంధ సైనిక సేవ చట్టం ప్రకారం యువకులను వరుసగా పిలుస్తున్నారు. ప్రయోగశాలలో పనిచేసే కుర్రవాడికి సైన్యం నుంచి పిలుపు వస్తే అతను తుపాకీ పట్టుకుని ఐరోపాకో పసిఫిక్‌కో వెళ్లిపోతాడు. రెండు చిక్కులకూ ఒకటే విరుగుడు: సైన్యంలో చేరిన వాళ్లలోనే సాంకేతిక పరిజ్ఞానం ఉన్నవాళ్లను ఏరి, యూనిఫాంలో ఉంచే ప్రయోగశాలకు పంపడం.

'ఇంజనీర్' అంటే మనం అనుకునే పట్టా ఉన్న ఇంజనీరేనా?

మన దగ్గర ఇంజనీర్ అంటే ముందు పట్టా గుర్తుకు వస్తుంది కాబట్టి ఈ సందేహం సహజం. మాన్‌హాటన్ ప్రాజెక్టు అమెరికా సైన్యపు కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అనే విభాగం కింద నడిచింది. దళం పేరులో 'ఇంజనీర్' అన్న మాట అందుకే ఉంది. లాస్ అలమోస్‌లోని ఎస్‌ఈడీ సైనికుల్లో కళాశాల పట్టా ఉన్నవాళ్లు సుమారు 29 శాతం. కొద్దిమందికి డాక్టరేట్లు ఉన్నాయి. మిగిలిన వాళ్లలో చదువు మధ్యలో ఆగిపోయిన విద్యార్థులు, లేత్ యంత్రం మీద ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కగల పనివాళ్లు, ఎలక్ట్రీషియన్లు, గాజు ఊదేవాళ్లు, రేడియోలు విప్పి మళ్లీ బిగించడం పెరటి కొట్టంలో నేర్చుకున్న పల్లెటూరి కుర్రవాళ్లు ఉన్నారు. పట్టా లేని ఈ చేతుల్లోనే ప్రయోగశాల పనిలో పెద్ద భాగం సాగింది.

ఒక కుర్రవాడు అక్కడికి ఎలా చేరేవాడు?

చాలామందికి దారి ఒకటే. సైన్యంలోకి తీసుకున్నాక పరీక్షలు పెట్టేవారు. మంచి మార్కులు వచ్చినవాళ్లను సైన్యమే ఒక ప్రత్యేక శిక్షణ పథకం కింద విశ్వవిద్యాలయాలకు పంపి ఇంజనీరింగ్, గణితం, భాషలు చదివించేది. 1944 తొలి నెలల్లో ఆ పథకాన్ని బాగా కుదించేశారు. ఐరోపా దండయాత్రకు కాల్బలం కావాలి. తరగతి గదుల్లో ఉన్న కుర్రవాళ్లలో అత్యధికులు నేరుగా యుద్ధభూమికి వెళ్లారు. కొద్దిమందికి మాత్రం ఎక్కడికో చెప్పని బదిలీ ఉత్తర్వులు వచ్చాయి.

రైలు వాళ్లను శాంటా ఫే దగ్గరి లామీ అనే చిన్న స్టేషన్‌లో దింపేది. అక్కడి నుంచి వాహనంలో ఎర్రటి కొండల మధ్య మట్టిదారిలో, సముద్ర మట్టానికి దాదాపు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న పహరీటో పీఠభూమి మీదికి. అంతకుముందు అక్కడ ఉన్నది అబ్బాయిల బడి. ఇప్పుడు ముళ్లకంచె, కాపలా బురుజులు, పచ్చి చెక్కతో హడావుడిగా కట్టిన బ్యారకులు, చీలమండల దాకా బురద. తను ఎక్కడికి వచ్చాడో, ఎందుకు వచ్చాడో ఆ క్షణం వరకు అతనికి ఎవరూ చెప్పరు. తోటి విద్యార్థులు ఫ్రాన్స్‌లోని నార్మండీ వైపు ఓడ ఎక్కుతున్న సమయంలో ఒక సంతకం తనను ఈ కొండ మీద నిలబెట్టిందని ఎందరికో ముసలితనం దాకా గుర్తుండిపోయింది.

ఇంట్లో వాళ్లకు ఏమని చెప్పేవారు?

ఏమీ చెప్పేవారు కాదు. ఊరి పేరు ఉత్తరంలో రాయకూడదు. మొత్తం స్థావరానికి బయటి ప్రపంచంలో ఉన్న గుర్తు శాంటా ఫేలోని తపాలా పెట్టెలు మాత్రమే. వాటిలో 1663 నంబరు పెట్టె ప్రసిద్ధం. అక్కడ పుట్టిన పసిపిల్లల జనన పత్రాల్లో కూడా పుట్టిన చోటు కింద అదే రాశారు. బయటకు వెళ్లే ఉత్తరాలను అంటించకుండా ఇవ్వాలి, సెన్సార్ అధికారి చదివాకే కవరు మూస్తారు. చేస్తున్న పని, తోటివారి పూర్తి పేర్లు, చుట్టుపక్కల గుర్తులు ఏవీ రాయకూడదు. నీల్స్ బోర్ అక్కడ నికొలస్ బేకర్, ఎన్రికో ఫెర్మీ హెన్రీ ఫార్మర్. బాంబును బాంబు అనకూడదు, 'గాడ్జెట్' అనాలి.

కొడుకు యుద్ధానికి వెళ్లాడని తెలుసు, ప్రాణాలతో ఉన్నాడని ఉత్తరం చెబుతోంది, కానీ పొరుగింటి కొడుకుల్లా ఏ సముద్రమూ దాటలేదు. ఆ ఊళ్లలో తల్లులు ఇరుగుపొరుగు అడిగిన ప్రశ్నలకు ఏం జవాబు చెప్పుకున్నారో ఆలోచిస్తే జాలి కలుగుతుంది.

అక్కడ వాళ్లు చేసిన పని ఏమిటి?

ఇది కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే వాళ్లు లేకపోతే ఈ భాగం సాగేదే కాదు.

మొదట్లో ఆలోచన తేలికగానే ఉంది. ఫిరంగి గొట్టం లాంటి దానిలో ఒక ముక్కను ఇంకో ముక్క మీదికి పేల్చి కలిపితే చాలినంత ద్రవ్యరాశి (సందిగ్ధ ద్రవ్యరాశి) ఏర్పడి, ఒక పరమాణువు చీలిక ఇంకోదాన్ని చీల్చే గొలుసు చర్య మొదలవుతుంది. యురేనియం 235తో ఈ పద్ధతి పనిచేస్తుంది. ప్లుటోనియంతో కూడా పనిచేస్తుందని అనుకున్నారు. 1944లో ఎమీలియో సెగ్రే బృందం ఒక చేదు నిజం కనుక్కుంది: రియాక్టరులో తయారైన ప్లుటోనియంలో 240 ద్రవ్యసంఖ్య గల ఐసోటోపు, అంటే ప్లుటోనియంలోనే ఇంకో రకం, కలిసి వస్తోంది, అది తనంతట తానే విచ్ఛిత్తి చెంది న్యూట్రాన్లను వదులుతోంది. ఫిరంగి ఎంత వేగంగా కలిపినా, రెండు ముక్కలూ పూర్తిగా కలవకముందే చర్య మొదలై బాంబు తుస్సుమంటుంది. ఆ జూలైలో ప్లుటోనియం ఫిరంగిని వదిలేశారు.

మిగిలిన దారి ఇంప్లోజన్. ప్లుటోనియం గోళం చుట్టూ మందుగుండు పేర్చి, అన్ని వైపుల నుంచీ ఒకే క్షణంలో పేల్చి, ఆ గోళాన్ని లోపలికి నలిపేయడం. పేలుడు తరంగం సహజంగా బయటికి ఉబుకుతుంది. దాన్ని లోపలికి వంచడానికి వేగంగా పేలే పదార్థాన్నీ నెమ్మదిగా పేలే పదార్థాన్నీ జత చేసి 'పేలుడు కటకాలు' తయారు చేశారు. కళ్లద్దం కాంతిని వంచినట్టు ఇవి పేలుడును వంచుతాయి. ఫుట్‌బాల్ మీద ముక్కల్లాగా 20 షడ్భుజాలు, 12 పంచభుజాలు, మొత్తం 32. ఏ ఒక్కదానిలో గాలి బుడగ ఉన్నా, చిన్న పగులు ఉన్నా తరంగం వంకర తిరుగుతుంది.

ఆ కటకాలను పోసింది ఎస్-సైట్ అనే చోట. దగ్గర్లోని పాత రంపపు మిల్లు వల్ల ఆ పేరు వచ్చింది. పని చేసినవాళ్లలో అత్యధికులు ఈ సైనికులే. మిఠాయి తయారీలో వాడే తరహా ఆవిరి బాణళ్లలో మందుగుండును కరిగించి, కలిపి, అచ్చుల్లో పోసి, పగుళ్లు రాకుండా మెల్లమెల్లగా చల్లబరిచేవారు. తరువాత ఎక్స్‌రే తీసి చూసేవారు, అంచులు యంత్రాల మీద చెక్కేవారు. పేలుడు పదార్థాన్ని యంత్రం మీద చెక్కడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. అంతకుముందు మందుగుండును చూసి కూడా ఎరుగని కుర్రవాళ్లు నెలల తరబడి రోజూ ఆ పని చేశారు.

మిగిలిన వాళ్లు డిటొనేటర్లు పరీక్షించారు, అతివేగపు కెమెరాలు నడిపారు, ఎలక్ట్రానిక్ వలయాలు అతికారు, ప్లుటోనియం రసాయన శాలల్లో పనిచేశారు.

తాము తయారు చేస్తున్నది బాంబు అని వాళ్లకు తెలుసా?

అందరికీ తెలియదు. తెలిసినవాళ్లకూ ఒకేలా తెలియదు.

ఎవరి పనికి ఎంత కావాలో అంతే తెలియాలన్నది గ్రోవ్స్ పద్ధతి. ఓక్ రిడ్జ్‌లో అది కఠినంగా అమలైంది. లాస్ అలమోస్‌లో మాత్రం శాస్త్రవేత్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే పని సాగదని ప్రయోగశాల అధిపతి ఓపెన్‌హైమర్ పట్టుబట్టి, మొత్తం తెలుసుకునే అనుమతికి గుర్తైన తెల్ల బ్యాడ్జి ఉన్నవాళ్లందరికీ వారం వారం చర్చా సభ పెట్టించారు. సైనికుల్లో కొందరికి ఆ తెల్ల బ్యాడ్జి దక్కింది. రంగు బ్యాడ్జి ఉన్నవాళ్లు తలుపు బయటే. ఒకే బ్యారకులో పక్కపక్క మంచాల మీద పడుకునే ఇద్దరిలో ఒకరికి మొత్తం తెలుసు, రెండోవాడికి తన లేత్ మీద తిరుగుతున్న ఇత్తడి ముక్క మాత్రమే తెలుసు. తెలిసినవాడు నిద్రలో కూడా నోరు జారకూడదు.

దీని ఫలితం ఏమిటో అక్కడ పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తరువాతి కాలంలో ఒక ప్రసంగంలో చెప్పారు. పేలుడు తరంగాల లెక్కలు కట్టడానికి ఐబీఎం పంచ్ కార్డు యంత్రాలు తెప్పించారు. వాటిని నడపడానికి గణితంలో చురుకైన ఎస్‌ఈడీ కుర్రవాళ్లను పెట్టారు. వాళ్లకు ఏమీ చెప్పలేదు. అర్థం తెలియని అంకెలను కార్డుల్లో గుచ్చుతూ, యంత్రంలో వేస్తూ, తీస్తూ ఉండేవారు. తొమ్మిది నెలల్లో మూడు లెక్కలు పూర్తయ్యాయి. ఫైన్‌మన్ ఓపెన్‌హైమర్ ద్వారా భద్రతాధికారుల అనుమతి తెచ్చుకుని, వాళ్లను కూర్చోబెట్టి, చేస్తున్నది ఏమిటో వివరించారు. ఆ తరువాత వాళ్లే కొత్త పద్ధతులు కనిపెట్టారు, ఎవరూ చెప్పకుండానే రాత్రిళ్లు పనిచేశారు. మూడు నెలల్లో తొమ్మిది లెక్కలు.

దీన్ని పని సామర్థ్యం కథగా చెప్పడం పరిపాటి. నాకు మాత్రం ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. కారణం తెలియగానే ఆ పని వాళ్లది అయింది. దానితో పాటు దాని భారమూ వాళ్లది అయింది. అంతవరకు యంత్రంలో భాగంగా ఉన్న పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి ఆ ఉపన్యాసం గౌరవాన్నీ భారాన్నీ ఒకేసారి ఇచ్చింది. వద్దని చెప్పే వీలు మాత్రం ఇవ్వలేదు. అతను సైనికుడు.

వాళ్లను శాస్త్రవేత్తలుగా చూశారా, సైనికులుగా చూశారా?

పగలు ఒకలా, తెల్లవారుజామున ఇంకోలా. ప్రయోగశాలలో నోబెల్ గ్రహీతలతో పేరు పెట్టి పిలుచుకునేంత చనువు. బ్యారకుకు వస్తే మంచం దుప్పటి ముడత పడిందని తనిఖీ. అర్ధరాత్రి దాకా ప్రయోగాలు చేసి వచ్చినవాళ్లను కూడా తెల్లవారకముందే లేపి కవాతు, వ్యాయామం చేయించేవారు. మందుగుండు విభాగం అధిపతి జార్జ్ కిస్టియకోవ్‌స్కీ దీనిమీద గట్టిగా పోట్లాడారు. నిద్ర చాలని చేతులు మందుగుండు చెక్కడం ఆయనకు భయం కలిగించి ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. 1944లో దళానికి కొత్త అధికారి వచ్చాక ఉదయపు కవాతులూ తనిఖీలూ తగ్గాయి.

జీతం దగ్గర మాత్రం సైన్యం లెక్కే. అప్పట్లో సాధారణ సైనికుడి మూల వేతనం నెలకు 50 డాలర్లు. నైపుణ్యాన్ని బట్టి టెక్నీషియన్ హోదాలు ఇచ్చి కొంత పెంచేవారు. పక్క బల్ల దగ్గర అదే పని చేసే పౌరుడికి దానికి ఎన్నో రెట్లు వచ్చేది.

పెళ్లయినవాళ్ల సంగతి?

పౌర శాస్త్రవేత్తలు భార్యాబిడ్డలతో కొండ మీదే ఉన్నారు. ఈ సైనికులకు ఆ హక్కు లేదు. కొందరి భార్యలు ఆల్బుకర్కీ, శాంటా ఫే వంటి ఊళ్లలో గది అద్దెకు తీసుకుని, ఏదో ఒక ఉద్యోగం చూసుకుని, శనివారం రాత్రి వచ్చే భర్త కోసం ఎదురుచూసేవారు.

మహిళా సైనికులు కూడా ఉన్నారా?

ఉన్నారు. ఎస్‌ఈడీలో కాదు, ఉమెన్స్ ఆర్మీ కోర్ అనే వేరే దళంలో. టెలిఫోన్లు, వాహనాలు, దస్త్రాలు చూడటమే కాక కొందరు ప్రయోగశాలల్లోనూ పనిచేశారు.

ఖాళీ సమయంలో ఏం చేసేవారు?

సినిమాలు, నృత్యాలు, చుట్టుపక్కల కొండల్లో నడక, ప్రాచీన ప్యూబ్లో జనుల గుహల సందర్శన. శీతాకాలంలో స్కీయింగ్. ఆ స్కీ వాలు కోసం చెట్లను కిస్టియకోవ్‌స్కీ మందుగుండుతోనే పడగొట్టారు.

ప్రమాదాలు జరిగాయా?

జరిగాయి. 1944 సెప్టెంబరు 2న ఫిలడెల్ఫియా నౌకా కేంద్రంలో యురేనియం శుద్ధి పరికరం పేలింది. పీటర్ బ్రాగ్, డగ్లస్ మెగ్స్ అనే ఇద్దరు పౌర ఇంజనీర్లు చనిపోయారు. ఓక్ రిడ్జ్ నుంచి శిక్షణ కోసం అక్కడికి పంపిన ఎస్‌ఈడీ సైనికుడు ఆర్నల్డ్ క్రామిష్ ఆమ్లపు ఆవిరికి తీవ్రంగా కాలిపోయి, బతుకుతాడన్న ఆశ లేని స్థితి నుంచి బయటపడ్డాడు. జరిగినది ఏమిటన్న అసలు వివరాలు ఏళ్ల తరబడి రహస్యంగానే ఉండిపోయాయి.

లాస్ అలమోస్‌లో 1945 ఆగస్టు 21న హ్యారీ డాగ్లియన్ అనే 24 ఏళ్ల పౌర భౌతిక శాస్త్రవేత్త చేతిలోని లోహపు ఇటుక ప్లుటోనియం గోళం మీద జారిపడింది. క్షణంలో సోకిన రేడియేషన్‌తో 25 రోజులకు మరణించాడు. ప్రమాదం జరిగేనాటికి యుద్ధం ముగిసి వారం అయింది.

తొలి పరీక్షలో వీళ్ల పాత్ర ఏమిటి?

1945 జూలై 16, ఉదయం 5 గంటల 29 నిమిషాలు. లాస్ అలమోస్‌కు దక్షిణాన 300 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎడారి. 'ట్రినిటీ' అని పేరు పెట్టిన ఆ పరీక్ష కోసం నెలల ముందే ఈ కుర్రవాళ్లు అక్కడ మకాం వేశారు. ఎండ, పాములు, నోట పెట్టుకోలేని ఉప్పునీళ్లు. మైళ్ల కొద్దీ తీగలు లాగారు, కొలత పరికరాలు అమర్చారు. మే 7న వంద టన్నులకు పైగా సాధారణ మందుగుండు అయిన టీఎన్‌టీ పేల్చి తాలీము చూశారు.

వాళ్లలో వాల్ ఫిచ్ ఒకడు. నెబ్రాస్కా పశువుల క్షేత్రంలో పుట్టి, సైన్యపు శిక్షణ పథకం ద్వారా లాస్ అలమోస్ చేరిన 22 ఏళ్ల సైనికుడు. పేలుడు స్థలానికి సుమారు 9 కిలోమీటర్ల దూరంలోని బంకరు దగ్గర ఉన్నాడు. వెలుగు, ఆ వెనుక గర్జన అయ్యాక బయట కాపలా ఉన్న సైనికుడి ముఖం పాలిపోయి ఉండటం చూశాడు. ఏం జరగబోతోందో అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఫిచ్ తన మనసుకు తోచిన మాట అన్నాడు: యుద్ధం త్వరలో ముగుస్తుంది.

ఒకే యూనిఫాం, ఇంచుమించు ఒకే వయసు. ఒకరు ఆ వెలుగు కోసం ఎదురుచూశారు, ఇంకొకరు లోకం అంతమైందనుకున్నా తప్పులేదు. ఈ దళం కథంతా నాకు ఆ ఇద్దరి మధ్య ఉన్న నాలుగడుగుల ఖాళీలో కనిపిస్తుంది.

ఇంత కాపలా ఉన్నా గూఢచారులు ఎలా చొరబడ్డారు?

చొరబడలేదు, సైన్యమే ఎంచుకుని తీసుకువచ్చింది. మెషిన్ షాపులో కటకాల అచ్చులు చెక్కిన డేవిడ్ గ్రీన్‌గ్లాస్ 1945 జూన్‌లో ఆల్బుకర్కీలో ఒక సోవియట్ దూతకు చిత్రాలు ఇచ్చి 500 డాలర్లు తీసుకున్నాడు. 1950లో పట్టుబడ్డాడు. అతని సాక్ష్యం అతని సొంత అక్క ఎథెల్‌నూ బావ జూలియస్ రోసెన్‌బర్గ్‌నూ 1953లో విద్యుత్ కుర్చీకి పంపింది.

థియోడర్ హాల్ 18 ఏళ్లకే హార్వర్డ్ నుంచి పౌరుడిగా వచ్చి, అక్కడే సైన్యంలోకి మారినవాడు. అణ్వాయుధం ఒక్క దేశం చేతిలోనే ఉండటం ప్రమాదమని నమ్మి ఇంప్లోజన్ వివరాలు సోవియట్ యూనియన్‌కు చేరవేశాడు. అతని మీద కేసు ఎన్నడూ నడవలేదు. 1995లో అమెరికా విప్పి చదివిన పాత సోవియట్ సంకేత సందేశాలు బయటపెట్టాకే ప్రపంచానికి తెలిసింది. మూడోవాడు జార్జ్ కోవల్. శిక్షణ పొందిన సోవియట్ గూఢచారిగానే సైన్యంలో చేరి ఓక్ రిడ్జ్, డేటన్ కేంద్రాల్లో తిరిగాడు. మరణానంతరం, 2007లో, రష్యా తన అత్యున్నత బిరుదుతో గౌరవించింది.

ఈ ముగ్గురి పేర్లు తెలిసినంతగా మాట నిలబెట్టుకున్న వేలమంది పేర్లు ఎవరికీ తెలియవు. అది నాకు న్యాయంగా అనిపించదు.

హిరోషిమా తరువాత వాళ్లు ఏమనుకున్నారు?

ఆగస్టు 6న అధ్యక్షుడు ట్రూమన్ ప్రకటన వెలువడింది. చాలామంది తల్లిదండ్రులకు కొడుకు ఏం చేస్తున్నాడో రేడియోలోనే తెలిసింది. తమ పనికి అర్థం ఆ రోజే తెలిసిన సైనికులూ ఉన్నారు. మొదటి స్పందన ఊరట: యుద్ధం ముగుస్తుంది, పసిఫిక్‌లో ఉన్న అన్న ఇంటికి వస్తాడు. ఆగస్టు 9న నాగసాకి మీద పడినది ఇంప్లోజన్ బాంబు, అంటే ఎస్-సైట్ కుర్రవాళ్ల చేతి పని ఉన్న బాంబు. 1945 చివరికి హిరోషిమాలో దాదాపు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది చనిపోయారని అంచనా.

ఆ అంకెలు తెలిశాక అందరూ ఒకేలా ఆలోచించలేదు. యుద్ధాన్ని ముగించామని చివరిదాకా గర్వంగా చెప్పినవాళ్లు ఉన్నారు, ఆయుధాల మీద అంతర్జాతీయ అదుపు కోసం పనిచేసినవాళ్లు ఉన్నారు, ఏమీ మాట్లాడనివాళ్లు ఉన్నారు. ఎవరినీ నేను తప్పు పట్టలేను. నాగసాకి తల్లుల ముందు నిలబడి ఎవరినీ పూర్తిగా విడుదల చేయలేను కూడా.

యుద్ధం తరువాత వాళ్లు ఏమయ్యారు?

1946 నాటికి చాలామంది సైన్యం వదిలి మళ్లీ తరగతి గదులకు వెళ్లారు. వాల్ ఫిచ్‌కు 1980లో భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది. పంచ్ కార్డు యంత్రాల దగ్గర పనిచేసిన జాన్ కెమెనీ 1964లో థామస్ కర్ట్స్‌తో కలిసి బేసిక్ కంప్యూటర్ భాషను రూపొందించారు; తరువాత త్రీ మైల్ ఐలండ్ అణు ప్రమాదంపై 1979లో విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. 1945లో సైనికుడిగా అక్కడ అడుగుపెట్టిన పీటర్ లాక్స్ 2005లో గణితంలో ఏబెల్ బహుమతి అందుకున్నారు. ఎక్కువమంది మాత్రం ఊళ్లకు వెళ్లి ఉపాధ్యాయులుగా, మెకానిక్కులుగా, కంపెనీ ఇంజనీర్లుగా బతికారు.

ఆ చోట్లను ఇప్పుడు చూడవచ్చా?

లాస్ అలమోస్, ఓక్ రిడ్జ్, ప్లుటోనియం తయారు చేసిన హాన్‌ఫోర్డ్ మూడింటినీ కలిపి 2015లో జాతీయ చారిత్రక ఉద్యానంగా ప్రకటించారు. ట్రినిటీ స్థలం సైనిక ప్రాంతంలో ఉంది. సందర్శకులను ఏడాదిలో ఒకటి రెండు రోజులే అనుమతిస్తారు. ప్లుటోనియం గోళాన్ని అమర్చిన మెక్‌డొనాల్డ్ పశువుల క్షేత్రపు ఇల్లు కూడా అక్కడే నిలిచి ఉంది.

ఆ ఇంటి దగ్గర 1945 జూలైలో తీసిన ఫొటో ఒకటి ఉంది. ఎస్‌ఈడీ సార్జెంట్ హెర్బర్ట్ లెహ్ర్ కారులోంచి ఒక చిన్న పెట్టెను దింపి లోపలికి తీసుకువెళుతున్నాడు. అందులో ఉన్నది ఆ బాంబు గుండెకాయ, సుమారు ఆరు కిలోల ప్లుటోనియం. ఒంటి చేత్తో మోయగల బరువు.